చేతి తుపాకితో దుప్పి వేట

సినిమాల్లో రివాల్వరుకు అసాధ్యమంటూ లేదు. పరుగెత్తే గుర్రం మీది నుంచి కథానాయకుడు గురి అయినా చూడకుండా పేలుస్తాడు. నూరు గజాల అవతల కొండ కొమ్మున నిలబడ్డ దుర్మార్గుడి టోపీ ఎగిరిపోతుంది. పిల్లలు ఈలలు వేస్తారు. పెద్దలు కూడా లోలోపల సంతోషిస్తారు. అయితే నిజమైన రివాల్వరు చేతికిచ్చి, నిజంగా నూరు గజాల దూరాన కదలకుండా నిలబెట్టిన బియ్యపు బస్తాను కొట్టమంటే ఎన్ని గుళ్ళు తగులుతాయన్నది వేరే సంగతి. రోజూ తుపాకి పట్టేవాళ్ళు కూడా ఆ పందేనికి కొంచెం వెనుకాడతారు.

అటువంటి ఆయుధం చేతబట్టుకుని దుప్పి వేటకు బయలుదేరేవారు అమెరికాలో ఎందరో వున్నారు. ఇంట్లో మంచి రైఫిలు వుండగా, దానిని బీరువాలోనే వుంచి, కావాలని రివాల్వరు తీసుకుని అడవికి వెళ్తారు. చూసేవారికి ఇది పడవ వుండగా నదిని యీదబోయినట్లు వుంటుంది. వారినడిగితే మాత్రం, రైఫిలుతో వేట దూరం నుంచి జరుగుతుందనీ, రివాల్వరుతో వేట దగ్గరకు వెళ్తేనే జరుగుతుందనీ, ఆ దగ్గరకు వెళ్ళడంలోనే వేట అంతా వున్నదనీ చెబుతారు.

ఈ మాటను కాస్త వివరంగా చూడవలసి వుంది. ఎందుకంటే వేట రివాల్వరును ఎంచుకోవడమంటే పేరుకు ఒక ఇనుప వస్తువును ఎంచుకోవడమే గాని, నిజానికి అది దూరాన్ని ఎంచుకోవడం. ఆ దూరం దాటి పేల్చినవాడు గురి తప్పితే నష్టం అతనికి కాదు. గాయంతో పొదల్లోకి పారిపోయి, రెండు రోజులు బాధపడి చచ్చే జంతువుకు.

ఒక గొడ్లకాపరి పట్టుదల

తిరిగే చక్రంలో గుళ్ళు పెట్టి, వరుసగా పేల్చే తుపాకికి సామ్యూల్ కోల్ట్ అమెరికాలో 1836లో పేటెంటు పొందాడు. 1873లో ఆ కంపెనీ తయారుచేసిన 45 కాలిబరు రివాల్వరు గొడ్లకాపరుల నడుము మీద స్థిరపడిపోయింది. అయితే అది మనుషుల నుంచి ఆత్మరక్షణకు పుట్టిన ఆయుధమే గాని, వేటకు పుట్టింది కాదు. వేట అంటే రైఫిలే అన్న మాటకు చాలా కాలం తిరుగులేకపోయింది.

1935లో స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ 357 మాగ్నం అనే కొత్త తూటాను, దానికి తగిన రివాల్వరును బయటపెట్టింది. మాగ్నం అన్నది తుపాకుల మాట కాదు. ద్రాక్ష సారాయిని రెట్టింపు కొలతలో పోసే పెద్ద సీసా పేరు. ఆ కంపెనీ కుటుంబానికే చెందిన డగ్లస్ వెస్సన్ ఆ తుపాకి తీసుకుని పశ్చిమ రాష్ట్రాల కొండల్లో పెద్ద జంతువులను వేటాడి చూపించాడు. జనం ఆశ్చర్యపోయారు. కంపెనీకి కావలసిన ప్రచారం కూడా దక్కింది.

అసలు పట్టుదల మాత్రం ఎల్మర్ కీత్ అనే మనిషిది. 1899లో మిస్సోరీ రాష్ట్రంలో పుట్టాడు. చిన్నతనంలో ఒక అగ్నిప్రమాదంలో చిక్కుకుని ఒళ్ళంతా కాలింది. ఎడమ చేయి వంకరపోయింది. తరువాత ఐడహో రాష్ట్రంలో పశువులను పెంచుతూ, వేటకు వచ్చేవారికి దారి చూపుతూ, పత్రికలకు వ్యాసాలు రాస్తూ బతికాడు. రివాల్వరును నడుముకు పెట్టుకుని పనిచేసేవాడికి రైఫిలు ఎప్పుడూ చేతికి అందేచోట వుండదు. కాబట్టి నడుము మీది తుపాకే పెద్ద జంతువుకు సరిపోవాలని అతని కోరిక. మొదట 45 తూటాలో మందు ఎక్కువ దట్టించి చూశాడు. ఆ రివాల్వరు చక్రంలో తూటా గదుల గోడలు పలచన. అంత వత్తిడికి ఆగలేక పగిలిపోయేవి. అప్పుడు 44 స్పెషల్ అనే చిన్న తూటా వైపు తిరిగాడు. గుండు కొంచెం సన్నం కాబట్టి గది గోడ కొంచెం మందం. అందులో స్వయంగా మందు దట్టించుకుంటూ, గుండు ఆకారం మార్చుకుంటూ, ఇలాటి తూటా తయారుచేయండని ఏళ్ళ తరబడి కంపెనీలకు చెబుతూ వచ్చాడు.

చివరికి రెమింగ్టన్ కంపెనీ తూటాను, స్మిత్ అండ్ వెస్సన్ తుపాకిని తయారుచేయగా 1955 చివర, 1956 మొదట్లో 44 మాగ్నం లోకానికి వచ్చింది. 1956లోనే రూగర్ కంపెనీ కూడా అదే తూటాకు తన రివాల్వరును సిద్ధం చేసింది. 1959లో దానిని బలపరచి సూపర్ బ్లాక్‌హాక్ అని పేరు పెట్టింది. 1971లో డర్టీ హారీ చిత్రంలో క్లింట్ ఈస్ట్‌వుడ్ 44 మాగ్నం పట్టుకున్న తరువాత, తుపాకి సంగతి తెలియని వారికి కూడా దాని పేరు తెలిసింది.

ఆ తరువాత బలం పెంచే పోటీ ఆగలేదు. 1957లో రూపుదిద్దుకున్న 454 కాసల్ తూటాకు వయోమింగ్ రాష్ట్రంలోని ఫ్రీడమ్ ఆర్మ్స్ వారు 1983 నుంచి రివాల్వర్లు తయారుచేశారు. 2003లో స్మిత్ అండ్ వెస్సన్ వారు 500 మాగ్నంను తెచ్చారు. ఈ రెండింటిలోనూ చక్రంలో ఆరు గదులకు బదులు అయిదే వుంటాయి. గోడలకు అంత మందం కావాలి మరి.

బలం ఎంత? చాలినంత ఎంత?

44 అంటే గుండు వెడల్పు అంగుళంలో నూటికి 44 వంతులని అర్థం. నిజానికి కొలిస్తే 43కు వెంట్రుకవాసి తక్కువే వుంటుంది. పాత పేరు అలా నిలిచిపోయింది. సాధారణంగా వాడే 44 మాగ్నం గుండు బరువు పదిహేనున్నర గ్రాములు. పాత తూకంలో తులమూ, దాని మీద మూడోవంతు. అది సెకనుకు సుమారు 1,350 అడుగుల వేగంతో బయలుదేరుతుంది.

ఒక పౌను బరువును ఒక అడుగు ఎత్తు లేపే బలానికి అడుగు-పౌను అని పేరు. ఆ లెక్కలో 357 మాగ్నం గుండు బలం 500, 600 మధ్య. 44 మాగ్నంది 900 పైచిలుకు. 454 కాసల్‌ది 1,700 దాకా వుంటుంది. 500 మాగ్నం 2,500 కూడా దాటుతుంది. అమెరికాలో దుప్పులకు వాడే అతి సామాన్యమైన 30-06 రైఫిలు బలం 2,800కు పైనే. అంటే, అంత పేరున్న 44 మాగ్నం కూడా మామూలు రైఫిలులో మూడోవంతే.

మరి మూడోవంతు బలంతో దుప్పి ఎలా పడుతుంది? గుండె, ఊపిరితిత్తులు వున్నచోట గుండు ఈ పక్క నుంచి ఆ పక్కకు దూసుకుపోతే ఏ జంతువైనా కొద్ది క్షణాల్లో పడిపోతుంది. రైఫిలు గుండుకున్న వేగం రివాల్వరు గుండుకు లేదు. అందుచేత అది చేసే పని కేవలం రంధ్రమే. ఆ రంధ్రం తగినంత వెడల్పుగా, తగినంత లోతుగా, సరైన చోట వుండాలి. వేట గుండు ముక్కు కోసుగా వుండక బల్లపరుపుగా వుండటానికి కారణం ఇదే. తెల్లతోక దుప్పి వంటి పలచని జంతువుకు తగలగానే విచ్చుకునే మెత్తని గుండు చాలు. ఎలుగుబంటికి, బలిసిన అడవిపందికి ఎముకను పగలగొట్టుకుని లోపలికి పోయే గట్టి సీసపు గుండు కావాలి.

357 మాగ్నం దుప్పికి కనీసపు తూటా అని చాలామంది అనుభవజ్ఞుల అభిప్రాయం. అదీ బాగా దగ్గర నుంచి. 44 మాగ్నం దుప్పికి ధారాళంగా సరిపోతుంది. అంతకు మించిన తూటాలు పెద్ద జంతువుల కోసం. అయినా కొత్తగా కొనేవాడి చూపు ముందు వాటి మీదికే పోతుంది. దుకాణంలో పెద్దది కనబడగానే చిన్నది ఆనదు. తుపాకి బలమంతా ముందుకే పోదు. అందులో భాగం తిరిగి చేతికి వస్తుంది. ఆ తన్ను ఓర్చుకోలేనివాడు పేలకముందే కళ్ళు మూస్తాడు, మణికట్టు వంచుతాడు. గుండు నేలలోకి పోతుంది. సరైన చోట తగిలిన 44, తొడలో తగిలిన 500 కంటె ఎన్నో రెట్లు దయగలది.

మధ్యతరగతి వారికి నచ్చే సదుపాయం కూడా ఒకటి వుంది. 44 మాగ్నం తుపాకిలో చిన్నదైన 44 స్పెషల్ తూటా కూడా పేలుతుంది. 357 మాగ్నంలో 38 స్పెషల్, 454లో 45 కోల్ట్ అలాగే పేలుతాయి. దీనికి ఎదురు మాత్రం చేయరాదు. మెత్తని తూటాతో చేయి అలవాటు చేసుకుని, తరువాత గట్టి తూటాకు పోవచ్చు. ఒకే కళాయిలో ఉప్మా, ఆ తరువాత కూర వండుకున్నట్లే.

చేతికి తగిన తుపాకి

ఇక తుపాకి సంగతి. వేట రివాల్వరు గొట్టం సామాన్యంగా ఆరు అంగుళాల నుంచి ఎనిమిది దాకా వుంటుంది. ఏడున్నర అంగుళాలు చాలామందికి నచ్చిన కొలత. అంతకు పొట్టిదైతే మందు పూర్తిగా గొట్టంలో కాలక, బయట మంటగా వృథా అవుతుంది. అంతకు పొడవైతే ఒరలో పట్టదు, పొదల్లో తగులుకుంటుంది. ఏడున్నర అంగుళాల సూపర్ బ్లాక్‌హాక్ బరువు మూడు పౌన్లు, అంటే దాదాపు కిలోన్నర. పొడుగు గొట్టం 500 మాగ్నం రెండు కిలోల పైనే. బరువైన తుపాకి తక్కువగా తన్నుతుంది గాని, రోజంతా కొండలెక్కే నడుముకు ఆ బరువు తెలుస్తుంది.

రివాల్వర్లలో రెండు జాతులున్నాయి. ఒకదానిలో ప్రతిసారీ హామరును బొటనవేలితో వెనక్కి లాగి, తరువాత మీట నొక్కాలి. రెండోదానిలో మీట నొక్కితేనే హామరు లేచి పడుతుంది. వేటలో తొందర లేదు, తొలి గుండే ముఖ్యం. కాబట్టి రెండు జాతులనూ వేటగాడు బొటనవేలితో హామరు లాగే పేలుస్తాడు. మొదటి జాతి పిడి నాగలి మేడిలాగా వంపు తిరిగి వుంటుంది. పేలినప్పుడు అది అరచేతిలో పైకి దొర్లి, తన్నును కొంత తగ్గిస్తుంది. కొందరికది హాయి, కొందరి వేలి కణుపుకు మాత్రం వెనుక వున్న కమాను కొట్టుకుని వాస్తుంది. ఏది తగినదో పుస్తకం చెప్పలేదు, చేయి చెప్పాలి. పిడి పట్టుకుంటే చూపుడువేలి మొదటి కణుపు మెత్తదనం మీట మీదికి సహజంగా రావాలి. చెప్పుల దుకాణంలో చెప్పు తొడిగి నడిచి చూసినట్లు, తుపాకిని పట్టి చూడకుండా కొనరాదు.

పాతది కొనేటప్పుడు మరికొంత పరీక్ష అవసరం. లోపల తూటాలు లేవని రెండుసార్లు చూసుకున్న తరువాత హామరు లాగి వుంచి, చక్రాన్ని వేళ్ళతో కదిపి చూడాలి. కొద్దిగా కదలడం సహజం. వదులుగా ఊగిసలాడితే వద్దు. చక్రానికి, గొట్టానికి మధ్య సన్నని సందు వుంటుంది. అది అంగుళంలో వెయ్యింట అయిదారు వంతులు. అంతకు బాగా పెరిగితే బలం వృథా.

ఆ సందు గురించి ఒక హెచ్చరిక. పేలినప్పుడు దానిలోంచి మంట, వేడిగాలి పక్కలకు కత్తిలాగా చిమ్ముతాయి. రైఫిలు పట్టే అలవాటుతో ఎడమ చేతిని ముందుకు చాపి అక్కడ పట్టుకున్నవారికి, బలమైన తూటాలతో వేళ్ళు తెగిన ప్రమాదాలు వున్నాయి. రెండు చేతులూ పిడి మీదే వుండాలి.

ఇంకొక విశేషం. రివాల్వరు చూడడానికి ఒకటే అయినా, ఆరు గదులున్న చక్రం వల్ల నిజానికి ఆరు తుపాకులతో సమానం. ప్రతి గదీ గొట్టానికి ఎదురుగా ఒకే తీరున నిలవకపోవచ్చు. ఓపికగలవారు ఒక్కొక్క గదితో విడివిడిగా పేల్చి చూసి, అన్నిటికంటె నమ్మకమైన గదికి చిన్న గుర్తు పెట్టుకుంటారు. తొలి గుండు అందులోదే.

గురిలో వెంట్రుకవాసి

గొట్టం చివర ముల్లు, వెనుక గాడి: గాడి మధ్య ముల్లు నిలిపి, ముల్లు మీద జంతువును నిలపాలి. మనిషి కంటికి ఒక దూరమే ఒకసారి స్పష్టంగా కనబడుతుంది. గాడి, ముల్లు, దుప్పి మూడూ స్పష్టంగా కనబడడం అసాధ్యం. ముల్లు స్పష్టంగా వుండాలి, దుప్పి కొంచెం మసకగా వున్నా ఫరవాలేదు అన్నది పాతకాలపు సూత్రం. కొత్తవాడు దీనికి ఎదురు చేస్తాడు. కళ్ళన్నీ దుప్పి మీదే!

ఎంత పొరపాటుకు ఎంత నష్టమో లెక్క వేసి చూద్దాం. గాడికీ ముల్లుకూ మధ్య ఎనిమిది అంగుళాలు అనుకోండి. ముల్లు అంగుళంలో నూరోవంతు పక్కకు జరిగింది. యాభై గజాలంటే 1,800 అంగుళాలు. 1,800ను ఎనిమిదితో భాగిస్తే 225. అంటే ఆ నూరోవంతు తప్పు దుప్పి దగ్గరకు చేరేసరికి రెండుంపావు అంగుళాలవుతుంది. నూరు గజాలకు నాలుగున్నర. ముల్లుకూ గాడికీ 26 అంగుళాల ఎడమున్న రైఫిలులో అదే తప్పు యాభై గజాల దగ్గర ముప్పాతిక అంగుళమైనా కాదు. ఇక చేయి వణికేది ఒక్క నూరోవంతేనా అన్నది ఎవరికి వారే ప్రశ్నించుకోవాలి.

నలభై దాటి చత్వారం వచ్చినవారికి ముల్లు స్పష్టంగా కనబడదు. వారికి రెండు ఉపాయాలున్నాయి. ఒకటి దుర్భిణి. రైఫిలు దుర్భిణి కంటికి మూడు నాలుగు అంగుళాల దూరంలో వుండాలి. రివాల్వరు చాచిన చేతి చివర వుంటుంది కాబట్టి దాని దుర్భిణి వేరు. రెండు రెట్లు పెద్దదిగా చూపేది చాలు. దుప్పి పెద్దదిగా కనబడినట్లే చేతి వణుకు కూడా పెద్దదిగానే కనబడుతుంది. రెండోది అద్దంలో ఎర్రని చుక్క కనబడే సాధనం. చుక్కను దుప్పి మీద నిలిపితే చాలు, గాడితో పని లేదు. ఇటీవల చాలామంది దీనివైపే మొగ్గుతున్నారు. అయితే బ్యాటరీ అయిపోతే చుక్క మాయం. కాబట్టి వేటకు ముందు కొత్త బ్యాటరీ వేసుకోవాలి. దుర్భిణి బిగించడానికి తుపాకి మీదే ఏర్పాటున్న నమూనాలు కొన్నాళ్ళుగా దొరుకుతున్నాయి. 1987లో వచ్చిన రూగర్ సూపర్ రెడ్‌హాక్ అటువంటిది.

ఇంటికి తెచ్చిన తరువాత

కొత్త తుపాకి తెచ్చిన మరునాడే అడవికి పోయేవాడు తెలివిగలవాడు కాదు. మొదట మరలన్నీ బిగించుకోవాలి. ఆ తన్నుకు మరలు వదులవుతాయి. దుర్భిణి మరలకు జిగురు మందు రాయడం ఆచారం. ముందు ముల్లుకు నారింజరంగో తెల్లరంగో పూస్తే సంధ్యవెలుగులో కనబడుతుంది. మీట మూడు నాలుగు పౌన్ల వత్తిడికి జారిపోకుండా, గరగరలాడకుండా విడిపడాలి. గరగరలాడితే తుపాకులు బాగుచేసే పనివాడి దగ్గరకు తీసుకుపోవాలి గాని, ఇంట్లో ఆకురాయి పట్టుకుని కూర్చోరాదు. వెయ్యోవంతు ఎక్కువ అరిగితే తుపాకి దానంతటదే పేలవచ్చు.

చెవులకు మూత, కళ్ళకు అద్దాలు లేనిదే అభ్యాసం లేదు. ఈ తుపాకుల మోత 160 డెసిబెల్స్‌ను అందుకుంటుంది. ఒక్క దెబ్బకే వినికిడి శాశ్వతంగా తగ్గడానికి అది చాలు.

తరువాత గురి కుదర్చడం. బల్ల మీద ఇసుక సంచి వేసి, దాని మీద చేతులు ఆనించి పేల్చాలి. తుపాకిని గట్టి చెక్క మీద ఆనిస్తే ఎగిరిపడి గుండు పైకి పోతుంది. ముందు పాతిక గజాలు. అక్కడ అయిదు గుళ్ళూ ఒకచోట చేరిన తరువాత యాభై గజాలు. గుండు ఎటు పోవాలో గాడిని అటే జరపాలి: కుడికి పోవాలంటే కుడికి, పైకి పోవాలంటే పైకి. 44 మాగ్నంను యాభై గజాలకు కుదిరిస్తే, నూరు గజాల దగ్గర గుండు సుమారు అయిదారు అంగుళాలు కిందికి దిగుతుంది. నూటయాభై దగ్గర అడుగున్నర! అందుకే దూరం గురించి పంతాలు పనికిరావు.

పేలకముందే చేయి బెదురుతున్నదా లేదా అని తెలుసుకోవడానికి చక్కని ఉపాయం ఒకటుంది. మిత్రుడొకరు మీకు కనబడకుండా చక్రంలో అయిదు తూటాలు, ఒక వుత్త తొడుగు పెట్టి ఇస్తాడు. వుత్తది ఎప్పుడు వస్తుందో మీకు తెలియదు. అది వచ్చినప్పుడు టక్కుమని చప్పుడై తుపాకి కదలకుండా వుంటే చేయి మంచిదే. గొట్టం కిందికి వంగితే మాత్రం మళ్ళీ మెత్తని తూటాలతో మొదలుపెట్టవలసిందే. అబద్ధమాడడానికి ఇందులో అవకాశం లేదు.

మోసుకుపోవడంలోనూ జాగ్రత్త వుంది. 1973కు ముందు తయారైన రూగర్ రివాల్వర్లలోనూ, పాతకాలపు కోల్ట్ నమూనాలలోనూ హామరు కింద గదిని ఖాళీగా వుంచి, అయిదే తూటాలు పెట్టుకోవాలి. తుపాకి జారి రాతి మీద పడితే హామరు తూటాను తాకుతుంది కాబట్టి. 1973లో రూగర్ వారు తెచ్చిన అడ్డుపట్టీతో ఆ భయం తప్పింది. దుర్భిణి బిగించిన తుపాకి నడుముకు ఇబ్బంది. అటువంటిదానికి రొమ్ము మీద వేలాడే తోలు ఒర మేలు.

పళ్ళెం పరీక్ష

ఇంతా చేసిన తరువాత అసలు ప్రశ్న: నేను ఎంత దూరం నుంచి పేల్చవచ్చు? దీనికి జవాబు తుపాకిలో లేదు, తూటా పెట్టె మీదా లేదు. అమెరికా వేటగాళ్ళు దీనికి ఒక పళ్ళెం వాడతారు. విందుల్లో వాడి పారేసే, తొమ్మిది అంగుళాల కాగితపు పళ్ళెం. దుప్పి రొమ్ములో గుండె, ఊపిరితిత్తులు వున్న చోటు ఇంచుమించు అంతే వుంటుంది.

పళ్ళేన్ని పాతిక గజాల దూరాన పెట్టాలి. ఈసారి బల్ల లేదు, ఇసుక సంచి లేదు. అడవిలో ఎలా కూర్చుంటారో అలాగే: చెట్టుకు ఆని గాని, మోకాళ్ళ మధ్య మోచేతులు బిగించి గాని, కత్తెర వేసిన రెండు కర్రల మీద చేయి పెట్టి గాని పేల్చాలి. అయిదు గుళ్ళలో అయిదూ పళ్ళెంలో పడితే ఇంకొక పది గజాలు వెనక్కి జరగాలి. ఇలా జరుగుతూ పోతే ఎక్కడో ఒక గుండు పళ్ళెం దాటుతుంది. దానికి ముందటి దూరమే మీ దూరం. నాలుగు పడ్డాయి కదా, అయిదోది గాలికి పోయిందిలే అనుకోరాదు. ఆ అయిదోదే గాయపడిన దుప్పి.

చాలామందికి ఈ పరీక్ష యాభై గజాల దగ్గర ముగుస్తుంది. దుర్భిణి, ఏళ్ళ అభ్యాసం వున్నవారు నూరు గజాలు చేరతారు. ముప్పై దగ్గర ఆగినవాడు సిగ్గుపడనక్కరలేదు. ఆ ముప్పై గజాలకు చేరడానికి గాలి వాలు చూసుకుని, ఎండుటాకు మీద అడుగు పడకుండా నడిచి, గంటల తరబడి కదలకుండా కూర్చోవడం అతను నేర్చుకుంటాడు. మన పల్లెల్లో పూర్వం విల్లంబులతో వేటాడినవారికి ఈ విద్య చెప్పవలసిన పని లేదు.

ఆరువందల గజాల కథ

ఇక్కడ ఎల్మర్ కీత్ దగ్గరకు మళ్ళీ రావాలి. 44 మాగ్నంతో తాను సుమారు ఆరువందల గజాల దూరాన వున్న దుప్పిని కొట్టానని అతను రాశాడు. ఇది చదివినవారు రెండుగా చీలిపోయారు. అసాధ్యమని కొందరు, అతని చేతికి సాధ్యమేనని కొందరు. దశాబ్దాలు గడిచినా ఆ వాదం తెగలేదు. ఉత్సాహవంతులైన కుర్రవాళ్ళు మాత్రం ఆరువందలన్న అంకె ఒక్కటే జ్ఞాపకం పెట్టుకున్నారు.

కథలో మిగతా భాగం చూడాలి. ఆ దుప్పిని మొదట కొట్టింది కీత్ కాదు. వెంట వచ్చిన వేటగాడు రైఫిలుతో గాయపరచాడు. అది కుంటుతూ కొండ దాటి పారిపోతున్నది. దాటితే దొరకదు. అప్పుడు కీత్ రివాల్వరు తీసి, ఒకటి కాదు, కొన్ని గుళ్ళు పేల్చి దూరం అంచనా కట్టుకుంటూ చివరికి దానిని పడగొట్టాడు. గాయపడిన జంతువును విడిచిపెట్టరాదన్న నియమం కోసం పేల్చాననే అతను చెప్పుకున్నాడు. కనుక ఆ కథ నుంచి దూరపు వేటకు అనుమతి వెదుక్కోవడం పొరపాటు. రైఫిలు చేతిలో వుండి కూడా ఒకడు తొలి గుండును సరైన చోట పెట్టలేకపోవడం వల్లనే ఆ కథ పుట్టింది.

ఆ నియమం ఒక్క అమెరికాది కాదు. మన దేశంలో షికారు సాగిన రోజుల్లో కూడా గాయపడ్డ పులిని వదిలి శిబిరానికి తిరిగి వచ్చినవాడికి వేటగాళ్ళలో మర్యాద వుండేది కాదు. పేల్చిన తరువాత కొంతసేపు ఆగి, నెత్తుటి జాడ పట్టుకుని, చీకటి పడినా లాంతరు పట్టుకుని వెదకవలసిందే.

చట్టం మాట

అమెరికాలో వేట నియమాలు ఒక్కొక్క రాష్ట్రానికి ఒక్కొక్క తీరుగా వుంటాయి. గొట్టం కనీసపు పొడవు కొన్నిచోట్ల, తూటా వెడల్పో బలమో కొన్నిచోట్ల నిర్ణయించి వుంటుంది. లైసెన్సు, వేట రుతువు, ఎన్ని జంతువులన్న లెక్క తప్పవు. 1937లో చేసిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం రైఫిళ్ళ మీద, తూటాల మీద నూటికి 11 వంతుల పన్ను వన్యమృగ సంరక్షణకు పోతుంది. 1970 నుంచి చేతి తుపాకుల మీద కూడా నూటికి 10 వంతులు వసూలు చేస్తున్నారు. 1900 ప్రాంతంలో కొన్ని లక్షలకు పడిపోయిన తెల్లతోక దుప్పులు నేడు కోట్లలో వున్నాయంటే, కఠినమైన నియమాలు, ఈ సొమ్ము రెండూ కారణమే.

మన సంగతి పూర్తిగా వేరు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే రివాల్వరు దగ్గర వుంచుకోరాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తరువాత వినోదం కోసం దుప్పి వేట అన్నది ఇక్కడ నేరం. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక, తెలంగాణ రాష్ట్ర జంతువు మచ్చల జింక. ఈ రెండూ మనకు చూసి ఆనందించవలసినవే. టెక్సాస్‌లోనో మరొకచోటో స్థిరపడిన మన తెలుగువారి ఇళ్ళకు పొరుగింటివారు దుప్పి మాంసం పంపవచ్చు. ఆ వేట వెనుక ఇంత లెక్క, ఇంత నియమం వున్నాయని తెలిసి వుండడం మంచిది.

ఇవి చదివి ఎవరైనా, ఇంత కష్టపడేకంటె వేట మానుకుంటే సరిపోతుంది కదా అనవచ్చు. చాలామంది అదే అంటారు, అందులో తప్పేమీ లేదు. వేటాడేవారిలో పెద్దమనిషి ఎవరని అడిగితే మాత్రం జవాబు సులభం. అరవై గజాల దూరాన కొమ్ములు విప్పిన పెద్ద దుప్పి నిలబడి వుంటుంది. అతని పళ్ళెం నలభై దగ్గరే ఆగింది. అతను హామరును మెల్లగా దించి, తుపాకి ఒరలో పెట్టి, దుప్పి చెట్లలోకి వెళ్ళిపోయేదాకా చూస్తూ కూర్చుంటాడు.